చప్పట్లొచ్చాయి, తాళంచెవి రాలేదు

ఆ అమ్మాయికి మండల స్థాయిలో ఫస్ట్ ప్రైజు వచ్చింది. అంశం ‘బాలికా విద్య’. మూడు నిమిషాల ఉపన్యాసంలో ఎక్కడా తడబడలేదు. “అబ్బాయి చదువుకుంటే అతనొక్కడే బాగుపడతాడు, అమ్మాయి చదువుకుంటే ఇల్లంతా బాగుపడుతుంది” అన్నచోట హాలంతా చప్పట్లు. ఆ వాక్యం దగ్గర కాస్త ఆగమని, ఆగి కుడిచెయ్యి ముందుకు చాపమని చెప్పింది నేనే. అసలు ఉపన్యాసం రాసిందే నేను. స్టీలు బాక్సు, ప్రశంసాపత్రం ఇచ్చారు. మర్నాడు ప్రేయర్లో హెడ్మాస్టరు గారు ఆ పిల్ల పేరుతో పాటు నా పేరు కూడా చెప్పారు. నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉండింది.

ఫలితాలొచ్చాక మార్కుల మెమో కోసం స్కూలుకొచ్చింది. మంచి మార్కులు. “ఏ కాలేజీలో చేరుతున్నావమ్మా?” అనడిగాను.

“చేరట్లేదు టీచర్. మిషను కుట్టడం నేర్చుకోమన్నారు నాన్న.”

“మరి నువ్వేమన్నావు?”

కాసేపు మెమో కాయితం మడతపెడుతూ నిలబడింది. “నాన్నకి ఏం చెప్తాం టీచర్?” అంది.

ఆ వారమే వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్నతో ఒక పావుగంట మాట్లాడితే తెలిసిందేమిటంటే, ఆయనకి బాలికా విద్య మీద ఏ కోపమూ లేదు. టౌన్లో కాలేజీ వదిలాక వచ్చే బస్సు ఊరి అడ్డరోడ్డు దగ్గర దింపుతుంది. అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు నడక. చలికాలంలో ఆ టైముకి చీకటి పడిపోతుంది. ఆయన మిరపకాయల సీజన్లో పొలంలోనే ఉంటాడు, ఎదురెళ్లి తీసుకురావడానికి ఇంట్లో ఇంకో బండి లేదు. అంతే సంగతి. నేను రాసిచ్చిన మూడు నిమిషాల్లో ఝాన్సీ లక్ష్మీబాయి ఉంది, సావిత్రీబాయి ఫూలే ఉంది, కల్పనా చావ్లా ఉంది. ఆ అడ్డరోడ్డు మాత్రం లేదు. వాళ్ల నాన్నకున్న బెంగ గురించి ఒక్క ముక్కా లేదు.

ఆ ఏడాది పోయింది. మరుసటి ఏడు, అదే ఊరి నుంచి ఇంకో ఇద్దరు అమ్మాయిలు చేరితే, వాళ్లతో పాటు చేరింది. ఆ కబురు తెలిశాక నాకు మనసు తేలికపడిందిగానీ, అందులో నా గొప్పేమీ లేదు. తెలుగు టీచరుగా పంతొమ్మిదేళ్లు పనిచేసి, ఒక పిల్ల వాళ్ల నాన్న ముందు కూర్చుని నాలుగు మాటలు మాట్లాడేట్టు చెయ్యలేకపోయాను.

*

వక్తృత్వ పోటీల సంగతి టీచర్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆగస్టు 15, ఆగస్టు 29, నవంబరు 14, జనవరి 24న బాలికా దినోత్సవం, మర్నాడు ఓటర్ల దినోత్సవం, ఆ మర్నాడు రిపబ్లిక్ డే. మధ్యలో ఇంధన పొదుపు, రోడ్డు భద్రత, ప్లాస్టిక్. ముందురోజు సాయంత్రం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది, రేపు పది గంటలకల్లా ఇద్దర్ని పంపమని. బాగా బట్టీ పట్టే పిల్లనొకదాన్ని, గొంతున్న పిల్లాణ్ణొకణ్ణి పట్టుకుంటాం. రాత్రికి రాత్రి రాసిస్తాం. పొద్దున స్టేజీ మీద “సభాధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు, పూజ్యులైన ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు” అంటూ నమస్కారాలకే అరనిమిషం. చివర్లో “ఇంతటితో నా ఉపన్యాసాన్ని ముగిస్తున్నాను, జై హింద్”. మధ్యలో ఏముందో న్యాయనిర్ణేతలు కూడా సరిగ్గా వినరు. ఆ కుర్చీలో చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. చేతిలో కాయితం ఉంటుంది: ఉచ్చారణ, హావభావాలు, విషయం, సమయపాలన. ఆ గడులు నింపేసరికి పిల్ల దిగిపోతుంది.

విన్నవాళ్ల మనసు మారిందా అన్న గడి ఉండదు. ఉండటానికి వీల్లేదు కూడా. ప్లాస్టిక్ వాడాలని, ఓటు వెయ్యకూడదని ఆ హాల్లో ఎవరూ అనుకోవట్లేదు. ఒప్పుకోనివాడు ఒక్కడూ లేని సభలో ఎవర్ని ఒప్పించాలి?

మాక్ పార్లమెంటు ఇంకో వింత. కొన్నేళ్ల కిందట మా స్కూల్లో పెట్టినప్పుడు ప్రతిపక్షం అడిగే ప్రశ్నలు నేనే రాశాను, మంత్రి చెప్పే సమాధానాలూ నేనే రాశాను, స్పీకరు “సైలెన్స్ సైలెన్స్” అని ఎక్కడ బల్ల కొట్టాలో కూడా రాశాను. ప్రతిపక్ష నాయకుడికి ఒక ప్రశ్న మర్చిపోతే మంత్రిగారే అందించాడు. అందరం నవ్వుకున్నాం.

మన భాషలో మెప్పించడం అని ఒక మాట ఉంది, ఒప్పించడం అని ఇంకోటి ఉంది. చెవికి అన్నదమ్ముల్లా వినిపిస్తాయిగానీ పనులు వేరు. మెప్పించాలంటే జనం కావాలి, ఎంతమందైతే అంత మంచిది. ఒప్పించడానికి ఒక్క మనిషి చాలు. కాకపోతే ఆ మనిషికి “కుదరదు” అనే అధికారం ఉండాలి, అనే కారణమూ ఉండాలి. మనం బళ్లో నేర్పుతున్నదంతా మొదటిదే. పేరు మాత్రం రెండోదాని పేరు పెట్టుకున్నాం.

చిన్నప్పుడే నేర్పే ‘నొప్పింపక తానొవ్వక తప్పించుక తిరుగువాడు ధన్యుడు’ పద్యం నాకిష్టమే. కానీ అందులో నొప్పించకుండా ఉండటం ఉంది, తప్పించుకోవడం ఉంది, ఒప్పించడం లేదు. నలభై మంది పిల్లలున్న క్లాసులో ఎవర్ని అడిగినా ఆ పద్యం వస్తుంది. పెద్దవాళ్ల ముందు వాళ్లు చేసేదీ అదే.

*

మూడేళ్ల నుంచీ నేను వేరేగా చేస్తున్నాను. ఇదేమీ పెద్ద పద్ధతి కాదు, ఒకటే నియమం: ఊరికే ఉపన్యాసం ఉండదు. ఎవరితో మాట్లాడుతున్నావో పేరు చెప్పాలి, వాళ్ల నుంచి ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పాలి. “సమాజం మారాలి” అంటే కుదరదు. సమాజం సంతకం పెట్టదు.

మొదటి ఏడాది తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడు లైబ్రరీ ఎంచుకున్నాడు. మా స్కూల్లో లైబ్రరీ అంటే స్టాఫ్ రూములో రెండు ఇనప బీరువాలు. పుస్తకాలు మంచివే, బొమ్మల కథల నుంచి సైన్సు దాకా ఉన్నాయి. తాళంచెవి హెడ్మాస్టరు గారి సొరుగులో ఉంటుంది. వాడి కోరిక తాళంచెవి పిల్లలకివ్వాలని. ప్రేయర్లో మాట్లాడాడు. వాడు రాసుకొచ్చింది నా దగ్గర ఇంకా ఉంది. “పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, మంచి పుస్తకం కొనుక్కో అన్నారు. పుస్తకాలు లేని ఇల్లు ఆత్మ లేని శరీరం వంటిది. కావున గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు మా విన్నపాన్ని మన్నించి...”

చప్పట్లొచ్చాయి. తాళంచెవి రాలేదు. హెడ్మాస్టరు గారు “బాగా మాట్లాడావురా, వెరీ గుడ్” అని భుజం తట్టి లోపలికెళ్లిపోయారు.

వాడు నా దగ్గరికొచ్చి, “బాగుందన్నారుగా టీచర్, మరి ఇవ్వరే?” అన్నాడు. ఎందుకివ్వరో వెళ్లి ఆయన్నే అడగమన్నాను. వాడికి చెమటలు పట్టాయి. హెడ్మాస్టర్ని కారణం అడగడమంటే మాటలా! నేను తోడెళ్లాను, కానీ నోరు తెరవలేదు. “సార్, ఎందుకివ్వరు సార్?” అని గొణిగాడు. ఆయన నవ్వి, కూర్చోబెట్టి చెప్పారు. ఆయన ఈ స్కూలుకి బదిలీ మీద వచ్చి చార్జి తీసుకున్నప్పుడు స్టాక్ రిజిస్టరులో ఉన్న పుస్తకాలకీ బీరువాలో ఉన్నవాటికీ ముప్పై తేడా. ఎప్పుడు పోయాయో, ఎవరి హయాంలో పోయాయో తెలియదు. ఆ ముప్పై పుస్తకాల గురించి ఆయన ఏడాదిన్నర కాయితాలు రాశారు. “రేపు నేను వెళ్లేటప్పుడు నా తర్వాత వచ్చేవాడికి అప్పజెప్పాల్రా. నువ్వొచ్చి సమాధానం చెప్తావా?” అన్నారు.

పుస్తకం గొప్పతనం గురించి ఆయనకెవరూ చెప్పక్కర్లేదు. ఆయన ఎమ్మే తెలుగు. ఆయన బాధంతా రిజిస్టరు.

కుర్రాడు వారం రోజులు తిరగరాశాడు. నేను చేసిందల్లా కొట్టేయడం. సామెతలు కొట్టేశాను, ‘కావున’ కొట్టేశాను. నాలుగో కాపీ ఇట్టా వచ్చింది:

“సార్, మీరొచ్చినప్పుడు బీరువాలో ముప్పై పుస్తకాలు తక్కువున్నాయి. అవి మీరు పోగొట్టినవి కావు. కానీ సమాధానం మీరే చెప్పుకోవాల్సొచ్చింది. మళ్లీ అట్టా జరగకూడదని తాళం వేశారు. మేము తాళం తీసెయ్యమనట్లేదు. శనివారం ఆఖరి పీరియడు ఒక్కటి, ఒక్క బీరువా, నలభై పుస్తకాలు. తీసుకున్నవాడి పేరు, పుస్తకం నంబరు మేమే నోటుబుక్కులో రాస్తాం. సోమవారం ప్రేయర్ కల్లా లెక్క మీ టేబుల్ మీద ఉంటుంది. పుస్తకం పోతే కొనడానికి తలా పది రూపాయలు ముందే టీచర్ దగ్గర కడతాం. ఒక్క నెల చూడండి సార్. తేడా వస్తే మళ్లీ తాళం వేసెయ్యండి, మేము అడగం.”

ఈసారి ప్రేయర్లో కాదు, ఆయన గదిలో, నిలబడి చెప్పాడు. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు. ఆయన అంతా విని, “డబ్బులు వసూలు చేస్తే నా ఉద్యోగం పోద్దిరా” అన్నారు. ఇది మా స్క్రిప్టులో లేదు. సర్కారు బళ్లో పిల్లల దగ్గర డబ్బులు తీసుకోకూడదన్న సంగతి నాకైనా తట్టి ఉండాల్సింది. కుర్రాడు ఒక్క నిమిషం బిక్కమొహం వేశాడు. తర్వాత, “అయితే డబ్బులొద్దు సార్. ఎవరు పోగొడితే వాళ్లే అట్టాంటి పుస్తకం తెచ్చి పెట్టాలి. పెట్టేదాకా ఆ బెంచీ వాళ్లెవరికీ పుస్తకం ఇవ్వం” అన్నాడు. ఆ బెంచీ షరతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు, నేను చెప్పలేదు. హెడ్మాస్టరు గారు సొరుగు తీశారు.

*

మన చరిత్ర పాఠాల్లోనే ఇది నేర్పడానికి కావలసినంత సరుకుంది. కాకపోతే ఎవరెవరు ఏం చేశారో చెప్తాంగానీ ఎట్టా ఒప్పించారో చెప్పం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారని ప్రతి ఉపన్యాసంలోనూ వస్తుంది. ఆయన అవతలివాళ్లతో ఏమని వాదించారు? న్యాయం, మానవత్వం అని ఊరుకోలేదు. వద్దన్నవాళ్లు శాస్త్రం ఒప్పుకోదన్నారు, కాబట్టి ఆయనా శాస్త్రాలే తిరగేసి వాటిలోంచే ప్రమాణాలు తీసి చూపించారు. వినేవాడు దేన్ని ప్రమాణంగా ఒప్పుకుంటాడో అందులోంచి చూపిస్తేనే వాడు వింటాడు. ఇంకో సంగతి, మాటలతోనే పెళ్లి అయిపోలేదు. కాకినాడలో పైడా రామకృష్ణయ్య గారి లాంటివాళ్లు డబ్బు సాయం చేశారు, ఆయన శిష్యులైన కుర్రాళ్లు వెంట నిలబడ్డారు. నా విద్యార్థి నోటుబుక్కు, సోమవారం లెక్క లాంటివన్నమాట. ఒప్పుకున్నాక పని ఎట్టా నడుస్తుందో కూడా చూపించాలి.

ఇక గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, మనకది తెలుగు భాషా దినోత్సవం. పర్లాకిమిడిలో బడిపంతులు, సవరలనే గిరిజనులకి చదువు చెప్పడానికి సవర భాష నేర్చుకున్న మనిషి. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ జరిగితే అక్కడ నాలుగు గంటలసేపు మాట్లాడారు. పరిషత్తు అంటే, పాత పుస్తకాల భాషలోనే రాయాలనే గ్రాంథికవాదుల కోట. వాళ్ల ముందు నిలబడి, వాళ్లు గౌరవించే గ్రంథాల్లోంచే ప్రయోగాలు తీసి చూపిస్తూ వాడుక భాష తరఫున వాదించారు. తెలుగు వాళ్లలో ఒప్పించే ఉపన్యాసం అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

మరి ఆయన పుట్టినరోజున మనం ఏం చేస్తాం? పిల్లలకి “వ్యావహారిక భాషోద్యమ సారథియై, ఆంధ్రావని గర్వించదగ్గ మహామనీషియై” అని రాసిచ్చి బట్టీ పట్టిస్తాం. పల్నాటి పిల్ల తన మాటలో “ఆయన మనం మాట్లాడుకునే తెలుగులోనే పుస్తకాలు రాయాలన్నాడు” అంటే, “రాయాలన్నారు అనమ్మా, కాస్త గ్రాండుగా ఉండాలి” అని నేనే దిద్దాను ఒకసారి. ‘అన్నారు’ వరకూ సరే. ఆ ‘గ్రాండుగా’ మాత్రం పంతులుగారు వింటే కర్ర తీసుకునేవారు.

*

రుజువుల దగ్గర పిల్లలకో జబ్బుంది. అది మన నుంచే అంటింది. “తొంభై శాతం మంది”, “ఒక సర్వేలో తేలింది”, “శాస్త్రవేత్తలు చెబుతున్నారు”. ఏ సర్వే, ఏ శాస్త్రవేత్త అంటే బిత్తరచూపులు. అందుకని మా క్లాసులో ఇంకో నియమం పెట్టాను. నువ్వు లెక్కపెట్టింది చెప్పు, నువ్వు చదివిన కాయితం చూపించు, లేదా నీ కళ్లతో చూసింది చెప్పు. ఈ మూడూ కాకపోతే ఆ వాక్యం కొట్టెయ్యి. రోడ్డు భద్రత బృందం వాళ్లు అరగంటసేపు గేటు దగ్గర నిలబడి బళ్లు లెక్కపెట్టారు. హెల్మెట్లు చేతివేళ్లతోనే అయిపోయాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చదివి, హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని రాసుకున్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ బృందంలో ఒక అమ్మాయి ఇంట్లో మాట్లాడినప్పుడు చట్టం జోలికే పోలేదట. “నాన్నా, టౌనుకి వెళ్లేటప్పుడు హెల్మెట్ పెట్టుకుంటావు, పొలానికి వెళ్లేటప్పుడు పెట్టుకోవు. అంటే నీకు పోలీసంటేనే భయమా, తలకాయ పగులుద్దని భయం లేదా?” అందట. వాళ్ల నాన్న నవ్వి, ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదని చెప్పింది. ఇప్పుడు పెట్టుకుంటున్నాడా అంటే, “వాన పడితే పెట్టుకుంటున్నాడు టీచర్” అంది. సరే, కొంత నయం.

ఎదురు ప్రశ్నలు తట్టుకోవడం నేర్పడానికి నేను అవధానం నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నాను. అష్టావధానంలో ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరి పని అప్రస్తుత ప్రసంగం. అవధాని పద్యం అల్లుకుంటుంటే మధ్యలో దూరి సంబంధం లేని మాటలతో దృష్టి చెదరగొట్టడం. అవధాని చమత్కారంగా బదులిచ్చి, మళ్లీ వదిలినచోట అందుకోవాలి. మా క్లాసులో వక్త మాట్లాడుతుంటే ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటారు. వక్త వినేవాళ్లుగా ఎవర్ని పెట్టుకుంటే ఆ మనిషిలా మాట్లాడాలి: నాన్నలా, సర్పంచిలా, వంట చేసే అత్తలా. “అదంతా సరేగానీ, ఫీజెవడు కడతాడు?” అంటారు మధ్యలో. ఈ కుర్చీకి క్లాసులో ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. విచిత్రం ఏమిటంటే, నోరు విప్పని పిల్లలు కూడా ఈ పాత్రలో రెచ్చిపోతారు. వాళ్లు రోజూ వినే అభ్యంతరాలే కదా, నోటికి వచ్చేసి ఉంటాయి. అక్కడ కూర్చుని నాన్న గొంతుతో అభ్యంతరం చెప్పిన పిల్ల, తన వంతు వచ్చినప్పుడు దానికి జవాబు వెతుక్కోక తప్పదు.

బట్టీ పట్టినదాంతో ఇది కుదరదు. మధ్యలో ఆపితే గొలుసు తెగుతుంది, మళ్లీ “సభాధ్యక్షులకు” నుంచి మొదలెట్టాలి. అందుకే పూర్తి పాఠం చేతిలో ఉండనివ్వను. పోస్టుకార్డంత అట్టముక్క మీద నాలుగు మాటలు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా వచ్చి ఉండాలి, ఎందుకంటే కాళ్లు వణికేది ఆ రెండుచోట్లే.

మాట్లాడే తీరు గురించి ఎక్కువ చెప్పను. రామాయణంలో హనుమంతుడు మొదటిసారి మాట్లాడినప్పుడు రాముడు లక్ష్మణుడితో మెచ్చుకుంటాడు కదా. సాగదీయలేదు, అనుమానం మిగల్చలేదు, నత్తనడకా లేదు, పరుగూ లేదు, గొంతు మధ్యస్థాయిలో ఉంది, మాట్లాడేటప్పుడు మొహంలో, కళ్లలో, కనుబొమల్లో వికారం లేదు. పిల్లలకి ఇంతకంటే ఏం చెప్పాలి? చేతుల గురించి మాత్రం ఒక్కటే చెప్తాను: వాటి సంగతి మర్చిపోండి. చెయ్యి చాపడం నేర్పిన పాపం నాకింకా గుర్తుంది.

*

మా స్టాఫ్ రూములో దీనికి ఒప్పుకోనివాళ్లున్నారు. సైన్సు సారు అనేదేమిటంటే, బట్టీ పట్టి చెప్పినా స్టేజీ భయం పోతుంది, అది చాలదా అని. కొంత నిజమే. ఆరో తరగతి పిల్లాడు మైకు ముందు నిలబడి ఒక పేరా అప్పజెప్పి దిగడం కూడా వాడికి పెద్ద సంగతే, నేను కాదనను. కానీ పదో తరగతి దాకా అదే చేయిస్తే, మైకు భయం పోయి మనుషుల భయం మిగిలిపోతుంది. ఇంకో వాదన, టైము లేదని. ఇదీ నిజమే. తెలుగు వాచకంలో ప్రతి పాఠం వెనకా విని, ఆలోచించి మాట్లాడే అభ్యాసం ఉంటుంది; పబ్లిక్ పరీక్షలో మాత్రం నోటికి ఒక్క మార్కూ లేదు. మార్కు లేని పనికి పీరియడ్లు ఇమ్మంటే ఎవరిస్తారు? నేను వారానికొకటి దొంగిలిస్తున్నాను. సిలబస్ వెనకబడిందని ఒకసారి మాట పడ్డాను కూడా.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒక తల్లి నుంచి వచ్చింది. “టీచర్ గారూ, మీరేదో వాదించడం నేర్పుతున్నారంట, పిల్ల ఇంట్లో ఎదురు మాట్లాడుతోంది” అంది. దీన్ని నేను కొట్టిపారెయ్యలేదు. మనకు చిన్నవాళ్లు పెద్దవాళ్లతో విభేదించడానికి మంచి మాటే లేదు. ఎదురు చెప్పడం, నోరు లేవడం, నోటిదురుసు, పెడసరం. ‘మాటకారి’ అన్నదాంట్లో కూడా సగం తిట్టే ఉంటుంది, ఆడపిల్లనంటే మరీను. ఆమెనడిగాను, ఏం మాట్లాడిందమ్మా అని. ట్యూషన్ మానిపించి ఆ డబ్బుతో సైకిల్ కొనిమ్మందట. ఎందుకో కారణాలు మూడు చెప్పిందట. “అరిచిందా?” “లేదు, నెమ్మదిగానే చెప్పింది.” “మీరేమన్నారు?” “ఏమంటాం, ఆలోచిస్తామన్నాం.” అంటూనే ఆమెకే నవ్వొచ్చింది. ఇంతకుముందు ఆ పిల్ల అన్నం మానేసి, తలుపేసుకుని అలిగేదట.

అలగడం కూడా ఒప్పించే పద్ధతే. కాకపోతే అందులో అవతలివాళ్లకి కారణం తెలియదు, ఓడిపోయామన్న కోపం మాత్రం మిగులుతుంది.

ఒక కుర్రాడు నన్ను సూటిగా అడిగాడు: “ఇదంతా అబద్ధం చెప్పి ఒప్పించడానిక్కూడా పనికొస్తుందిగా టీచర్?” పనికొస్తుంది. మా ఊళ్లోనే గొలుసుకట్టు స్కీముల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లని చేర్పించినవాళ్లు నా విద్యార్థులకంటే బాగా మాట్లాడతారు. అందుకే వినేవాడి వైపు నుంచి కూడా నేర్పుతున్నాను. ఫోన్లో వచ్చే ప్రకటన ఒకటి తెచ్చి, ఇందులో మనల్ని ఎక్కడ తొందరపెడుతున్నారు, ఏం దాస్తున్నారు అని క్లాసంతా వెతుకుతారు. “ఈ రోజే ఆఖరు” అని కనపడితే చాలు, వెనక బెంచీ నుంచి “దొంగ, దొంగ” అని కేకలు.

ఒప్పించలేకపోవడం కూడా నేర్పాలి. రాయబారం సీను మన ఊళ్లల్లో తెల్లార్లూ ఆడేవాళ్లు. పద్యాలు రాని ముసలివాళ్లుండరు. తెలుగువాళ్లకి బాగా తెలిసిన ఆ మాటల పోటీలో మాట్లాడినవాడు సాక్షాత్తూ కృష్ణుడు. అయినా దుర్యోధనుడు ఒప్పుకోలేదు. పోయిన ఏడాది మా పిల్లల్లో సగం మందికి పైగా కోరిన పని జరగలేదు. మరుగుదొడ్ల దగ్గర నీళ్ల ట్యాంకు కావాలని సర్పంచిని కలిసిన నలుగురు అమ్మాయిలు చక్కగా మాట్లాడారు, నేను పక్కనే ఉన్నాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు, టీ ఇప్పించాడు, నిధులు లేవన్నాడు. బయటికొచ్చాక ఒకమ్మాయి ఏడ్చింది. ఇంకో అమ్మాయి, “నిధులు ఎప్పుడొస్తాయో అడగలేదు మనం” అంది. మళ్లీ వెళ్తామన్నారు. వెళ్లారు కూడా. ట్యాంకు ఇంకా రాలేదు.

లైబ్రరీ సంగతి చెప్పి ఆపుతాను. నెల అన్నది రెండేళ్లయింది. మొదటి ఏడాది చివర్లో లెక్క చూస్తే ఒక పుస్తకం తక్కువ. నోటుబుక్కులో పేరుంది, నంబరుంది, తీసుకున్న పిల్లాడు మాత్రం వాళ్ల నాన్న తాపీ పనికి వెళ్లిన ఊరికి స్కూలు మారిపోయాడు. హెడ్మాస్టరు గారు లైబ్రరీ కుర్రాణ్ణి పిలిపించారు. వాడప్పటికి పదో తరగతికి వచ్చాడు, మీసం మొలుస్తోంది. నేను స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. వాడు కిటికీ దగ్గర ఆగి, “టీచర్, సార్ పిలిచారు. పుస్తకం సంగతే” అన్నాడు. నన్ను కూడా రమ్మంటావా అనడిగాను.

“వద్దు టీచర్. సార్ ఏమడుగుతారో తెలుసు” అని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వెళ్లాడు.